పాట ఆగినచోట గిటార్

పాట వింటున్నప్పుడు పాడేవాళ్ల మీదికి నా మనసు పోదు. అది నా జబ్బు అంటాడు మా ఆయన ఓంప్రకాశ్. పెళ్లికి పోతే అక్షింతలు వేసి నేరుగా ఆర్కెస్ట్రా వాళ్ల వెనక్కి పోయి నిలబడతాను. ముందు మైకు పట్టుకున్నవాడికి శాలువాలు, దండలు, సెల్ఫీలు. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాట బరువంతా మోసే గిటార్ మనిషికి మంచినీళ్ల సీసా కూడా అందదు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆడబిడ్డ పెళ్లిలో గిటార్ వాయించినాయనకు భోజనం పెట్టలేదని క్యాటరింగ్ వాళ్లతో కొట్లాడాను. మగపెళ్లివాళ్లు ఆయన మాకు దగ్గరి చుట్టమనుకుని చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా పోశారు.

నా పేరు శ్రీవాణి. సిద్దిపేటలో ప్రభుత్వ బడిలో ఫిజిక్స్ చెప్తాను. పిల్లలు నన్ను చూసి భయపడతారు, అందుకు నాకేమీ బాధ లేదు.

మా వైపు బతుకమ్మ ఆడేవాళ్లలో గునుగుపూల పాట రానివాళ్లు ఉండరు. ఇరవై ఎనిమిదేళ్ల కింద క్యాసెట్‌లో వచ్చింది. పాడింది రాయపోల్ అంజవ్వ. అప్పటిదాకా నాట్ల కాడ పాడుకునే మనిషి, ఆ ఒక్క పాటతో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది. తర్వాత ఆమె మళ్లీ క్యాసెట్ పాడలేదు. ఆ పాట మాత్రం ఆగలేదు.

అందులో రెండో చరణం మొదట్లో ఒక వింత ఉంది. అంజవ్వ ఒక ముక్క పాడి ఆగిపోతుంది. డోలక్ నడుస్తూనే ఉంటుంది. అప్పుడు గిటార్ ఒక్కటే ముందుకొచ్చి చిన్న తిప్పు తిప్పి, చివరి స్వరం మీదికి జారి ఆగుతుంది. మళ్లీ అంజవ్వ అందుకుంటుంది. ఆడేవాళ్లకు అక్కడ పాడడానికి ఏమీ ఉండదు కాబట్టి నిలబడి మూడు చప్పట్లు కొడతారు. డీజే పెట్టినా, బ్యాండు మేళం వాయించినా, ఏ వాయిద్యమూ లేకుండా వాకిట్లో నలుగురు ఆడవాళ్లు పాడుకున్నా అక్కడ ఆగి మూడు చప్పట్లు కొట్టాల్సిందే. మా దగ్గర పుట్టిన ఆడపిల్లలకు అది నేర్పనక్కర్లేదు.

నాకు ఆ గిటార్ వాయించిన మనిషి కావాలి. పదకొండేళ్లు వెతికాను. క్యాసెట్ అట్ట మీద అంజవ్వ ఫోటో ఉంది, కంపెనీ పేరు ఉంది, ఫోటో తీసినాయన పేరు కూడా ఉంది. గిటార్ ఎవరో లేదు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. అప్పటి క్యాసెట్లు దొరికినన్ని తెచ్చి విన్నాను. అయ్యప్ప భజనల్లో, చర్చి పాటల్లో, కవ్వాలీల్లో అదే చేయి వినపడింది. చివరి స్వరం మీదికి అదే జారుడు. పేరు మాత్రం ఎక్కడా లేదు. మా ఆయన అప్పుడప్పుడు "దొరికిండా నీ ఆయన?" అని అడిగేవాడు.

చివరికి దొరికింది కుట్టుమిషన్ రిపేరు దుకాణంలో.

మొన్న వానకాలం మా అమ్మ మిషన్ దారం తెంపుతోందని పాత బస్టాండు వెనక సందులో నిస్సార్ చాచా దగ్గరికి తీసుకుపోయాను. అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ముందర దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో పరదా. ఆయన మిషన్ తిప్పి నూనె వేస్తున్నాడు. సందులోంచి ఒక ఆటో పోతోంది, అందులో గునుగుపూల పాట మోగుతోంది. రెండో చరణం దగ్గర అంజవ్వ ఆగింది. గిటార్ వచ్చింది. అప్పుడు చూశాను. చాచా ఎడమచేతి వేళ్లు మిషన్ మెడ మీద వాటంతట అవే కదిలాయి. చివర్లో ఒక వేలు నొక్కి పట్టుకుని జారి ఆగింది.

నేను మిషన్ మీదికి వంగాను.

"చాచా, మీరు గిటార్ వాయిస్తరా?"

ఆయన చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఎప్పుడో, బిడ్డా."

"ఈ పాటల వాయించింది మీరేనా?"

ఆయన నోరు తెరిచేలోపే పరదా వెనక నుంచి గొంతు వచ్చింది. ఆయన భార్య షమ్షున్నీసా చాచీ.

"మళ్ల మొదలువెట్టిండు! ఏ పాట వచ్చినా గది నేనే వాయించిన అంటడు. అయ్యప్ప పాట నేనే, ఏసు పాట నేనే, దర్గా కవ్వాలి నేనే. టీవీల సబ్బు పాట గుడ ఈయనదేనట!"

"సబ్బుది నేను అన్లే," అని చాచా గొణిగాడు. "అగర్‌బత్తీది అన్న."

నేను మిషన్ సంగతి మరిచిపోయి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. చాచీ చాయ్ తెచ్చిపెట్టి, నిలబడే తన కేసు నాకు చెప్పుకుంది. పెళ్లయిన కొత్తలో పదేళ్లపాటు ఈయన నెలకు ఇరవై రోజులు హైదరాబాద్ పోయేవాడు. స్టూడియోలో పని అనేవాడు. ఇక్కడ ఆమె ముగ్గురు పిల్లలను పెట్టుకుని బీడీలు చుట్టేది. ఈయన వచ్చి ఒక క్యాసెట్ చేతిలో పెట్టి ఇందులో నేనున్నా అనేవాడు. ఆమె అట్ట తిప్పి తిప్పి చూసేది. చదువు వచ్చిన పక్కింటామెతో చదివించేది. పేరు ఉండేది కాదు.

"ఒక్క దాని మీద గుడ లేదు, టీచరమ్మా. ఒక్క దాని మీద! దోస్తులతోని చాయ్ తాగుకుంట తిరిగిండు, ఇంకేంది," అని గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆమె నమ్మకపోవడంలో న్యాయం ఉంది. నేనైతే క్యాసెట్‌తో పాటు మనిషిని కూడా బయట పారేసేదాన్ని.

చాచా పరదా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "బిడ్డా, ఊరంత తెల్వకపోయినా నాకు ఫికర్ లేదు. ఈమె ఒక్కతి నమ్మితె చాలు. ఆ పదేండ్లు నేను ఆవారా తిరిగిన అని ఇంగా అనుకుంటది. నాకు గదొక్కటే ముల్లు లెక్క గుచ్చుతది."

"సాక్షులు ఎవరన్న ఉన్నరా?"

"రికార్డింగ్ జేసిన ఇంజనీర్ సాబ్ పోయిండు. డోలక్ ఆయన ఏడున్నడో తెల్వది."

"అంజవ్వ ఉన్నది గదా! రాయపోల్ ఎంత దూరం? రేపే పోయి అడుగుత."

ఆయన చేతిలో ఉన్న నూనె డబ్బా కింద పెట్టాడు. "వద్దు బిడ్డా. ఆమెను అడుగద్దు."

ఎందుకని గట్టిగా పట్టుకుంటే అప్పుడు చెప్పాడు.

"ఆమెకు స్టూడియోల పాడుడు గదే మొదటిసారి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి అద్దాల అర్రల నిలవెట్టిన్రు. పొద్దటి సంది ఏం తినలే. ఈమె పాడకపోతె ఇంకొకామెతోని పాడిద్దమని బయట తయారుగ కూసోవెట్టిన్రు. ఆ సంగతి గుడ ఆమెకు తెలుసు. రెండో చరణం ఒక ముక్క పాడింది, ఆగింది. పాట మరిచిపోయింది, బిడ్డా. నోరు తెరిచింది గని మాట వస్తలేదు. నాకు అద్దంలకెళ్లి కనవడుతుంది. మేం గుడ ఆగితె అయిపాయె, ఆమెను ఇంటికి తోలుతరు. నేను ఏదో ఒకటి వాయించిన. వాయించుకుంట ఆమె దిక్కు జూసి తలకాయ ఊపిన, ఏం గాదు అని. ఆమెకు పాట యాదికొచ్చింది. అందుకుంది. ఇంజనీర్ సాబ్ మేం కావాల్నని జేసినమనుకున్నడు. మంచిగున్నది, ఉండనీ అన్నడు."

వేలమంది ఆడవాళ్లు ఆగి మూడు చప్పట్లు కొట్టేది ఒక మనిషి భయపడి పాట మరిచిపోయినచోట. ఇంకొక మనిషి ఆమెను కాపాడినచోట.

"అయితె ఏమాయె చాచా? చెప్తె తప్పేంది?"

"నాయి నాలుగు వందల పాటలు. ఆమెది ఒక్కటే పాట. ఆ ఒక్క పాటల గుడ తప్పు పోయిందని నేను చెప్పాల్నా?"

ఆమెను అడగనని, ఆమె పాట మరిచిపోయిన సంగతి ఎవరికీ చెప్పనని నాతో చేతిలో చేయి వేయించుకున్నాడు. నాకు కోపం ఆగదు, కానీ ఇచ్చిన మాట తప్పను. ఆ రెండింటి మధ్య ఆ తర్వాతి రెండు నెలలు నేను బాగా నలిగాను.

దసరా దగ్గరికొచ్చేసరికి ఇంకో కథ మొదలైంది. సద్దుల బతుకమ్మ నాడు కోమటి చెరువు కట్ట దగ్గర అంజవ్వకు సన్మానం చేస్తున్నామని కమిటీవాళ్లు ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. కమిటీ పెద్ద బుచ్చిరాములు సార్, పంచాయతీ సెక్రటరీగా చేసి రిటైరైనాయన. ఫ్లెక్సీలో ఆయన ఫోటో అంజవ్వ ఫోటో కంటే పెద్దది. దాతల పేర్లున్నాయి, టెంట్ హౌస్ పోశయ్య పేరుంది, కుర్చీలు వేసేవాళ్ల పేర్లున్నాయి. నేను ఆ సాయంత్రమే సార్ ఇంటికి పోయాను.

"సార్, ఆ పాటల గిటార్ వాయించినాయన మన ఊళ్లనే ఉన్నడు. నిస్సార్ చాచా. ఆయన పేరు గుడ పెట్టున్రి."

"గిటార్ ఎక్కడిదమ్మా బతుకమ్మల?" అని సార్ నవ్వాడు. "పాట అంజవ్వది. ఇంగ ఆయనే వాయించిండనడానికి సబూత్ ఏమున్నది?"

"రెండో చరణంల ఆ ముక్క ఉన్నది గదా సార్. చప్పట్లు కొట్టే కాడ."

"ఆ మూడు చప్పట్లు ముగ్గురమ్మలకు తల్లీ! లక్ష్మి, సరస్వతి, పార్వతి. తాతల కాలం నుంచి వస్తున్న ఆచారం. నేను దాని మీద పేపర్ల వ్యాసం గుడ రాసిన."

నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా ఆయనకు అన్నం వడ్డిస్తుంటే గిన్నెలన్నీ అవసరానికి మించి చప్పుడు చేశాయి.

చివరికి దారి అంజవ్వే చూపించింది. కమిటీవాళ్లు కంప్యూటర్లో మ్యూజిక్ పెడతాం, దాని మీద పాడమని అడిగితే ఆమె ఫోన్లోనే, "డబ్బా మీద నేను పాడ. మనుషులు వాయిస్తెనే వస్త," అని పెట్టేసిందట. బుచ్చిరాములు సార్ రెండు రోజులు తిరిగి డోలక్ మనిషిని దొరకబట్టాడు. గిటార్ దొరకలేదు. నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ చాచా ఖాళీగ ఉన్నడా?"

"ఉన్నడు సార్. పేరు చెప్తరా మరి?"

"ముందైతె వాయించనీయ్. వెనక కూసోబెడుదం."

వెనక కూర్చోబెడతాడట! నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను, కానీ చాచా ఒప్పుకున్నాడు. వెనక కూర్చోవడం ఆయనకు అలవాటే. బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉన్న గిటార్ దించాము. కొత్త తీగలు హైదరాబాద్ నుంచి తెప్పించాను. రోజూ సాయంత్రం ఆయన దుకాణంలో కూర్చుని వాయించుకుంటుంటే, ఆ మోతకు పాలు విరుగుతున్నాయని చాచీ నాకు ఫిర్యాదు చేసింది. మొదటి వారం వేళ్లు బొబ్బలెక్కాయి. రెండో వారానికి ఆ జారుడు తిరిగి వచ్చింది. నేను మిషన్ బాగాలేదన్న వంకతో రోజూ పోయి విన్నాను. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

సద్దుల నాడు చాచీ కూడా వచ్చింది. నల్ల బురఖా వేసుకుని, ముందు వరుసలో నా పక్కన కూర్చుంది.

"నేనెందుకొచ్చిన్నంటె," అని నాకు ముందే చెప్పింది, "ఆయన తప్పు వాయిస్తె ఇంటికి తీస్కపోవాలె గదా."

చెరువు కట్ట నిండా బతుకమ్మలు. ఆడవాళ్లు పట్టుచీరల్లో వలయాలు కట్టి నిలబడ్డారు. అంజవ్వ రాయపోల్ నుంచి ఆటోలో ఆలస్యంగా దిగింది. చిన్న మనిషి, తలంతా నెరిసింది. రిహార్సల్ చేద్దామా అంటే, "నా పాటకు నాకేం రిహార్సల్?" అని నేరుగా స్టేజీ ఎక్కింది. వెనక డోలక్ పక్కన గిటార్ మీదికి వంగి కూర్చున్న మనిషిని ఆమె చూడనే లేదు.

పాట మొదలైంది. వయసుకు గొంతు కొంచెం బరువెక్కింది కానీ ఊపు తగ్గలేదు. వలయాలు కదిలాయి. గిటార్ ఆ గొంతు వెనక ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా వదలకుండా నడిచింది. పక్కన చాచీ కళ్లు ఆర్పకుండా ఆయన వేళ్ల వైపే చూస్తోంది. ఆయన నలుగురి ముందు వాయించగా ఆమె చూడడం అదే మొదటిసారని అప్పుడు అర్థమైంది నాకు.

రెండో చరణం వచ్చింది. అంజవ్వ ఒక ముక్క పాడి ఆగింది. గిటార్ ముందుకొచ్చింది, తిరిగింది, జారి ఆగింది. కట్ట మీద వందలమంది ఒక్కసారే మూడు చప్పట్లు కొట్టారు.

అంజవ్వ అందుకోలేదు.

ఆమె వెనక్కి తిరిగి చూస్తోంది. డోలక్ నడుస్తోంది. చాచా ముఖంలో కంగారు నాకు కనపడింది. ఆమె మళ్లీ మరిచిపోయిందనుకున్నాడు పాపం. అదే తిప్పు మళ్లీ వాయిస్తూ, ఆమె వైపు చూసి, ఏం కాదన్నట్టు తల ఊపాడు.

అంజవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాం. కాదు, నవ్వుతోంది.

కార్యక్రమం చెడిపోతుందని బుచ్చిరాములు సార్ గబగబా మైకు అందుకున్నాడు. "అమ్మలారా, ఈ మూడు చప్పట్లు ముగ్గురమ్మలకు..."

"ఏ ముగ్గురమ్మలు సారూ!" అని అంజవ్వ ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది. "నేను పాట మరిచిపోయిన!"

కట్టంతా నవ్వులు మొదలయ్యాయి. అంజవ్వ కూడా నవ్వుతూనే చెప్పింది.

"క్యాసెట్ పాడిన నాడు గుండె దడకు పాట మరిచిపోయిన. నా పని అయిపోయిందనుకున్న. గీ అన్న గిటార్ వాయించుకుంట నా దిక్కు జూసి గిట్లనే తలకాయ ఊపిండు. గప్పుడు యాదికొచ్చింది పాట. మా రాయపోల్ల అందరికి ఎరుకే గీ ముచ్చట! ఏటా నాట్ల కాడ చెప్పుకొని నవ్వుకుంటం. గీయన పేరొక్కటే తెల్వది. ఆ కంపెనీల ఎన్నిమాట్ల అడిగినా ఎవ్వలు చెప్పలే. తలకాయ ఊపినాయన, తలకాయ ఊపినాయన అనుకుంట ఇరవై ఎనిమిదేండ్లు తీసిన."

ఇరవై ఎనిమిదేళ్లు ఈయన గుండెల్లో దాచుకున్న రహస్యం రాయపోల్‌లో ఏటా నాట్లప్పుడు చెప్పుకునే ముచ్చట! నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నవ్వు మాత్రం ఆగలేదు, కళ్లలో నీళ్లు కూడా ఆగలేదు.

అంజవ్వ వెనక్కి పోయి మైకు చాచా నోటి ముందు పెట్టింది. "నీ పేరేందన్నా? అందరు వినేటట్టు చెప్పు."

నాలుగు వందల పాటలు మైకు ముందు వాయించిన మనిషి. మైకు ముందు ఒక్క మాట మాట్లాడింది లేదు. చాచా నోరు తెరిచాడు. గొంతు రాలేదు. అంజవ్వ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. జనం ఎదురుచూస్తున్నారు.

నా పక్కన కుర్చీ వెనక్కి పడింది.

"నిస్సార్!"

చాచీ నిలబడి ఉంది. మైకు లేని ఆ గొంతు చెరువు అవతలి గట్టుకు వినపడి ఉంటుంది. "ఆయన పేరు నిస్సార్! గిటార్ నిస్సార్! మా ఆయన!"

"నిస్సారన్న!" అని అంజవ్వ మైకులో అంది. కట్ట మీద ఆడవాళ్లంతా ఆ పేరు అన్నారు. అప్పుడు కొట్టిన చప్పట్లకు లెక్క లేదు. అంజవ్వ పాట మొదటి నుంచి ఎత్తుకుంది. బుచ్చిరాములు సార్ శాలువా చేతిలో పట్టుకుని, ఎవరికి కప్పాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి ఇద్దరికీ కలిపి ఒకటే కప్పాడు.

ఆట అయిపోయాక చాచీ చుట్టూ జనం మూగారు. అటు పక్క కుర్చీలో ఉన్నామెకు చెప్పింది, వెనక వరుసకు చెప్పింది, పల్లీలమ్మే ఆమెను ఆపి మరీ చెప్పింది. "అయ్యప్ప పాటలల్ల గుడ ఈయనే. చర్చి పాటలల్ల ఈయనే. నాలుగు వందల పాటలు! పదేండ్లు నేను బీడీలు చుట్టుకుంట ఇల్లు సంభాళించిన, ఈయన హైదరాబాద్ల వాయించిండు. నాకు మొదటి సంది ఎరుకే."

మొదటి సంది ఎరుకేనట! నాకు వినగానే మండింది. "చాచీ, మొన్నటిదాకా..." అని మొదలుపెట్టాను.

స్టేజీ దిగి వస్తున్న చాచా నా వైపు చూసి, వద్దన్నట్టు చిన్నగా సైగ చేశాడు. తర్వాత ఆడవాళ్లందరికీ వినపడేలా, ఎంతో మామూలుగా అన్నాడు.

"అవును. ఈమెకు మొదటి సంది ఎరుకే. ఈమె నమ్మకపోతె నేను పదేండ్లు ఎట్ల పోతుంటి?"

చాచీ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. ఆయన చేతిలోంచి గిటార్ తీసుకుని, తనే ఎత్తుకుని నడిచింది. బరువుంటుంది, నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.